పాచి కాదమ్మా, వాటికీ పేర్లున్నాయి

ప్రశ్న: నమస్తే అండీ. మేం ఇంగ్లండులో, లెస్టర్‌లో ఉంటాం. మా అమ్మ రాజమండ్రి నుంచి ఆరు నెలలకని వచ్చింది. పొద్దున్నే మంకీ క్యాపు పెట్టించి పక్క పల్లెలోని పాత చర్చి దాకా నడిపిస్తున్నాను. చుట్టూ సమాధులు, రాతి గోడ, పెద్ద పెద్ద యూ చెట్లు. అమ్మకి చర్చి కంటే ఆ గోడ మీది పచ్చదనమే నచ్చింది, రోజూ చెయ్యి పెట్టి నిమిరి వస్తుంది. నేను బైపీసీ చదివినదాన్నే, ఫ్యునేరియా అనే నాచు మొక్క బొమ్మ గీసి మార్కులు కొట్టేసినదాన్నే, కానీ ఇక్కడ ఒక్కదాని పేరు కూడా చెప్పలేకపోతున్నా. ఫోన్‌లో యాప్ అయితే ఒకే గుబురుకి మూడు రోజుల్లో మూడు పేర్లు చెప్పింది. "అన్నీ పాచే కదే, మళ్లీ పేర్లేంటి" అంటుంది అమ్మ. నిజంగా అన్నీ ఒకటేనా? ఇంకోటి, చర్చి ఉత్తరం వైపు కాలిబాట పక్కన నేలకి అతుక్కుని ఆకుపచ్చ రేకులున్నాయి, వాటి మీద నెలవంక ఆకారంలో చిన్న చిన్న గిన్నెల్లాంటివి. అవేంటి?
– ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: తప్పు మీ అమ్మగారిది కాదండీ, మన భాషది. బావిగట్టు మీద కాలు జారేదీ పాచే, పొద్దున్నే పళ్ల మీద ఉండేదీ పాచే, వాకిట్లో ఊడ్చేదీ పాచే, రాత్రి మిగిలిన అన్నం పొద్దున్నకి పాచిపోతుంది కూడా. నాచు అన్నా అంతే, చెరువులో తేలేదాన్నీ అంటాం, గోడ మీది మెత్తటిదాన్నీ అంటాం. పాఠ్యపుస్తకాల వాళ్లు నీళ్లలో ఉండేవాటికి శైవలాలు అని పేరు పెట్టి పక్కన పెట్టారు గానీ, గోడ మీది ఆ మెత్తటి మొక్కకి, ఇంగ్లీషులో మాస్ అనేదానికి, జనం నోట నిలిచిన పేరు మాత్రం నాకు ఎక్కడా తగల్లేదు. అందుకని మాస్‌ని మాస్ అనే, దాని చుట్టం లివర్‌వర్ట్‌ని లివర్‌వర్ట్ అనే రాస్తాను, భాషాభిమానులు కోప్పడకండి.

అన్నీ ఒకటి కాదు. బ్రిటన్, ఐర్లండ్ కలిపితే ఈ రెండు గుంపుల మొక్కలూ సుమారు 1,100 రకాలు. మీరు నడిచే లాంటి మామూలు పల్లె చర్చి ఆవరణలో ఓ రెండు గంటలు మోకాళ్ల మీద తిరిగితే ఇరవై రకాలు తేలిగ్గా తేలతాయి. నేను అక్కడ ఉన్న నాలుగేళ్లలో నాకు బాగా తెలిసిన చోట ముప్పై దాటాయి, అది కూడా ఊరి మధ్యలో, పక్కనే పబ్బు ఉన్న చిన్న చర్చి.

చర్చిలోనే ఎందుకు అన్ని అంటారా? మీ చుట్టుపక్కల ఒకసారి చూడండి, మైళ్ల కొద్దీ బంకమట్టి పొలాలు, పచ్చిక, ఇటుక ఇళ్లు. రాతి మీద బతికే మొక్కకి అక్కడ కొండ ఏది, గుట్ట ఏది? ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కొండ చర్చే. పైగా అది రకరకాల రాళ్ల కొండ. గోడ ఒక రాయి, కిటికీ అంచులు ఇంకో రాయి, మధ్యలో సున్నపు గచ్చు, సమాధులకైతే ఏ తరానికి ఏ రాయి మోజైతే ఆ రాయి. దక్షిణం వైపు ఎండ తగిలే ముఖం, ఉత్తరం వైపు ఎప్పుడూ ఆరని ముఖం. గడ్డి చూస్తే కొన్ని వందల ఏళ్లుగా నాగలి ఎరగదు, ఎరువు ఎరగదు. ఇన్ని రకాల చోట్లు ఒక్క ఎకరంలో ఇంకెక్కడ దొరుకుతాయి?

అందుకే నా సలహా ఒకటే: ముందు పేరు వెతక్కండి, ముందు అది దేని మీద కూర్చుందో చూడండి. యాప్ తప్పేది కూడా సగం అక్కడే. దానికి మీరు ఇచ్చింది ఆకుపచ్చ రంగు ఫొటో, అంతే. అది సున్నపురాయా, స్లేటా, చెట్టు బెరడా, మట్టా అన్నది దానికి తెలీదు. మీకు తెలుసు, చేత్తో ముట్టుకున్నారు కాబట్టి.

మీ లెస్టర్ ప్రాంతంలో ఒక సుఖం ఉంది. అక్కడి పాత సమాధి రాళ్లు చాలావరకు స్విత్‌లాండ్ స్లేటు, దగ్గర్లోని చార్న్‌వుడ్ గుట్టల్లో తవ్విన నీలి బూడిదరంగు పలకరాయి. 18వ శతాబ్దంలో చెక్కిన అక్షరాలు నిన్న చెక్కినట్టు పదునుగా ఉంటాయి, మీరు గమనించే ఉంటారు. అంత గట్టిగా నున్నగా ఉండే రాయి, అందులో సున్నం కూడా ఉండదు కాబట్టి నిలువు ముఖం మీద మాస్ దాదాపు నిలవదు. దాని పక్కనే సున్నపురాయి సమాధి ఉంటే చూడండి, అక్షరాలు అరిగిపోయి, నెత్తి మీద పచ్చటి దిండ్లు. అదే వాన, అదే గాలి, రెండడుగుల దూరం, అయినా ఒకటి బోడి, ఒకటి పచ్చన. ఇది ఒక్కటి అమ్మగారికి చూపించండి చాలు, తర్వాత ఆవిడే మీకు చూపిస్తారు. (ఏది సున్నపురాయో తెలీకపోతే వెనిగర్ చుక్క వేసి నురగ వస్తుందా చూడమని కొందరు చెప్తారు. సమాధుల మీద ఆ పని చెయ్యకండి, ఎవరి తాతగారో ఏమో.)

ఇప్పుడు గోడ దగ్గరికి రండి. సున్నపు గచ్చు మీద, ఇటుకల సందుల్లో, గోడ పైఅంచు మీద చిన్న దిండ్లలా, పైన తెల్లటి నూగుతో కనిపించేవి రెండు రకాలుంటాయి, మీ యాప్ తడబడింది కూడా బహుశా ఈ రెంటి మధ్యే. ఒకటి టార్టులా మురాలిస్, అక్కడి వాళ్లు వాల్ స్క్రూ మాస్ అంటారు. రెండోది గ్రిమ్మియా పుల్వినాటా. రెండింటికీ ఆకు కొసన గాజుపోగులాంటి తెల్ల వెంట్రుక ఉంటుంది, దూరం నుంచి నెరిసిన గడ్డంలా కనిపించేది అదే. గ్రిమ్మియా గుండ్రంగా, ఒత్తుగా, బూడిద రంగు పిల్లి ముడుచుకుని పడుకున్నట్టు ఉంటుంది. టార్టులా అంత గుండ్రంగా ఉండదు, పరుచుకుంటుంది.

అసలు తేడా కాడల్లో. మాస్‌కి పువ్వు లేదు, కాయ లేదు, సన్నటి కాడ చివర చిన్న గుళిక ఉంటుంది, అందులో పొడిలాంటి సిద్ధబీజాలు. టార్టులా కాడలు నిటారుగా, గుండుసూదులు గుచ్చినట్టు, ఎర్రగా లేచి ఉంటాయి. గ్రిమ్మియా కాడ హంస మెడలా వంగి, గుళికని మళ్లీ ఆకుల్లోకే దూర్చేస్తుంది, తల దాచుకున్నట్టు. ముదిరి ఆరాక కాస్త నిటారు అవుతుంది, కానీ లేతగా ఉన్నప్పుడు, తడిగా ఉన్నప్పుడు ఆ వంపు చూస్తే ఇంక మర్చిపోరు. నేను మొదటి చలికాలం అంతా ఈ రెండింటినీ ఒకటే అనుకుని నోట్‌బుక్‌లో ఒకే పేరు రాసుకున్నాను, వంగిన కాడలు వాడిపోయాయేమో అనుకున్నాను! తర్వాత ఒక పెద్దాయన, సమాధి పక్కన నాతో పాటు కూర్చుని, ఏమీ మాట్లాడకుండా లెన్స్ నా చేతికిచ్చి వేలితో చూపించాడు.

లెన్స్ ఉంటే టార్టులా గుళిక మూత ఊడిపోయినది ఒకటి వెతకండి. దాని నోటి చుట్టూ ఎర్రటి దారాలు 32, జడ పేనినట్టు ఒకే వైపుకి మెలితిరిగి ఉంటాయి. స్క్రూ మాస్ అన్న పేరు దానివల్లే. మన ఫ్యునేరియా బొమ్మలో పెరిస్టోమ్ దంతాలు అని బాణం గుర్తు వేసి రాసేవాళ్లం చూడండి, ఆ దంతాలే ఇవి. గాలిలో తేమని బట్టి కదిలి, లోపలి పొడిని కాస్త కాస్తగా వదులుతాయి. బొమ్మ నూరుసార్లు వేసిన నేను మొదటిసారి నిజంగా చూసింది ముప్పై రెండేళ్ల వయసులో, ఇంగ్లండులో ఒక చర్చి గోడ మీద. మన ల్యాబుల్లో స్లైడ్ చూపించి పంపేస్తారు, బయటికి తీసుకెళ్లరు. సరే, ఆ కోపం ఇక్కడొద్దు.

ఆ రెండింటి పక్కనే తెల్ల వెంట్రుక లేకుండా ముదురు ఆకుపచ్చ దిండు ఉండి, గోధుమరంగు గుళికలు కాడ మీద కొంచెం పైకి లేచి, వాటి మీద నిలువు గీతలు కనిపిస్తే అది ఆర్థోట్రైకం అనోమలమ్. సున్నపురాయి సమాధుల నెత్తిన మామూలుగా దొరుకుతుంది.

ఇంక నీళ్ల సీసా. ఇది మర్చిపోకండి, ఇంట్లో మొక్కలకి కొట్టే స్ప్రే సీసా చాలు. మాస్‌కి వేళ్లు లేవు, పట్టుకోవడానికి మూలతంతువులు మాత్రమే ఉంటాయి, ఆకు కూడా చాలావాటిలో ఒకే ఒక్క కణం మందం. నీళ్లుంటే తాగి విచ్చుకుంటుంది, లేకపోతే ముడుచుకుని ఎదురుచూస్తుంది, చచ్చిపోదు. కాబట్టి ఆరినప్పుడు ఒక మొక్క, తడిసినప్పుడు ఇంకో మొక్క. రెండు రూపాలూ చూస్తేనే పేరు దొరుకుతుంది. గోడ మీద జరీ అంచులా బంగారు పచ్చగా మెరుస్తూ, కొమ్మల చివర్లు లోపలికి ముడుచుకుని ఒక చాప పరిచినట్టుంటే దాని మీద రెండుసార్లు స్ప్రే కొట్టి నిమిషం ఆగండి, ముడుచుకున్న చివర్లు విప్పుకుంటాయి, పట్టు మెరుపు తగ్గి పచ్చబడుతుంది. అది హోమలోథీసియం సెరీసియం. సెరీసియం అంటేనే పట్టులాంటిది అని. మీ అమ్మగారు నిమిరేది ఇదే అయ్యుంటుంది, చేతికి అంత హాయిగా ఉండేది గోడ మీద ఇంకోటి లేదు. బ్రయం కపిల్లారే అని ఇంకొకటి ఉంది, దాన్ని ఆరినప్పుడు చూడాలి, ఆకులన్నీ కాడ చుట్టూ సీసా బిరడా లాగే మెలిచువ్వలా మెలితిరుగుతాయి, గుళికలు వేపకాయల్లా కిందికి వేలాడతాయి. (మధ్యలో శాస్త్రజ్ఞులు దీని పేరు మార్చి టైకోస్టోమమ్ అన్నారు. పేరు మారినా మెలి మారలేదు.)

గడ్డిలో ఉన్నవి వేరు. అవి దిండ్లు కట్టవు, పాకుతాయి, గడ్డి మధ్యలోంచి దూరి అల్లుకుంటాయి. నడుస్తుంటే కాలికింద పరుపులా స్ప్రింగులా ఉంటే ఒకటి పీకి కాడ చూడండి. కాడ ఎర్రగా, ఆకులు అన్ని వైపులకీ వెనక్కి విరిచినట్టు, పైనుంచి చూస్తే నక్షత్రంలా ఉంటే రైటిడియాడెల్ఫస్ స్క్వారోసస్. ఈ పేరు పలకడం నేర్చుకునేలోపు చలికాలం అయిపోతుంది, స్ప్రింగీ టర్ఫ్ మాస్ అనండి చాలు. కొమ్మల చివర్లు బల్లెంలా గట్టిగా మొనదేలి ఉంటే కాలియెర్గొనెల్లా కస్పిడేటా, చిత్తడిగా ఉండే మూల ఎక్కడుందో అదే చెప్తుంది.

ఇప్పుడు మీ నెలవంక. మీరు ఆ ఒక్క మాట రాయడం వల్ల నా పని తేలికైపోయింది. అది మాస్ కాదు, లివర్‌వర్ట్, పేరు లూన్యులేరియా క్రూసియేటా. లూనా అంటే చంద్రుడు, పేరులోనే ఉంది. ఆకులూ కాడా అన్న తేడా లేకుండా నేల మీద రిబ్బనులా పరుచుకునే ఆ శరీరాన్ని థాలస్ అంటారని మీకు గుర్తుండే ఉంటుంది. మీరు ఇంటర్లో చదివిన మార్కాంషియా అనే లివర్‌వర్ట్‌కి గిన్నెలు గుండ్రంగా, అంచున పళ్లతో ఉంటాయి, దీనికి ఒకవైపు గోడ మాత్రమే ఉండి నెలవంకలా కనిపిస్తుంది. ఇంత తేలిగ్గా, లెన్స్ కూడా లేకుండా, నిలబడి చెప్పగలిగే లివర్‌వర్ట్ మీకు ఇంకోటి దొరకదు.

ఆ గిన్నెలో పచ్చటి చిన్న బిళ్లలుంటాయి, అవే జెమ్మాలు. వాన చినుకు సరిగ్గా గిన్నెలో పడితే ఆ బిళ్లలు ఎగిరి పక్కన పడి అక్కడ కొత్త మొక్క మొలుస్తుంది. మధ్యధరా సముద్రం వైపు మొక్క ఇది, బ్రిటన్‌లో గుళికలు వెయ్యడం అరుదు, అంటే మీరు చూస్తున్న మొత్తం పరుపు దాదాపుగా ఈ బిళ్లల సంతానమే. పూలకుండీలతో, నర్సరీ మట్టితో ఊరూరా తిరుగుతుంది. సమాధుల దగ్గర కుండీలు పెడతారు కదా, మీ చర్చికి కూడా అలా వచ్చి ఉండొచ్చు. లివర్‌వర్ట్ అన్న పేరు సంగతి, ఈ రేకులు కాలేయం ఆకారంలో ఉంటాయని పాతకాలంలో కాలేయం జబ్బులకి మందనుకున్నారు. కాదు. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి, మనవాళ్లకి ఏ ఆకు చూసినా కషాయం గుర్తొస్తుంది.

లివర్‌వర్ట్‌లన్నీ ఇలా రేకుల్లా ఉండవు, చాలావాటికి ఆకులుంటాయి, అక్కడే తికమక. ఆకులు కాడకి అటూ ఇటూ రెండు వరసల్లో చదునుగా పేర్చినట్టుండి, ఆకుకి మధ్య ఈనె లేకపోతే, ఆకు చీలి ఉంటే లివర్‌వర్ట్ అనుకోండి. మాస్ ఆకులు ఎక్కువగా కాడ చుట్టూ అన్ని వైపులా ఉంటాయి, చాలావాటిలో ఈనె కనిపిస్తుంది. గుళిక దొరికితే ఇంక అనుమానమే లేదు: మాస్ గుళిక గట్టిగా ఉండి నెలల తరబడి నిలుస్తుంది, లివర్‌వర్ట్‌ది తెల్లటి గాజుపోగులాంటి కాడ మీద నల్లటి ముత్యం, నాలుగు రేకులుగా పగిలి కొద్దిరోజుల్లో కూలిపోతుంది.

చెట్ల మీద వెతకాలనిపిస్తే యూ చెట్టు మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి, దాని బెరడు రాలిపోతుంటుంది, కింద ఎప్పుడూ చీకటీ పొడీ. గోడ పక్కన ఎల్డర్ పొదో, యాష్ చెట్టో ఉంటే దాని దగ్గరికి వెళ్లండి. బెరడు మీద ముదురు ఎరుపు గోధుమరంగులో, ఎవరో ఇంకు ఒలికించినట్టు చదునుగా అతుక్కుని ఉన్న మచ్చ కనిపిస్తే, లెన్స్ పెట్టి చూడండి, అది ఫ్రుల్లానియా డైలాటేటా అనే లివర్‌వర్ట్ కావచ్చు. ఆకు అడుగున బుల్లి హెల్మెట్లు కుట్టినట్టుంటాయి, నీళ్లు దాచుకోవడానికి. బొగ్గు పొగతో గాలి నిండా గంధకం ఉన్న రోజుల్లో ఇలాంటి బెరడు మీది మొక్కలు ఇంగ్లండు మధ్య ప్రాంతాల నుంచి చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి. 1956లో గాలి శుభ్రత చట్టం వచ్చి, తర్వాతి దశాబ్దాల్లో ఆ పొగ తగ్గాక మెల్లగా తిరిగొచ్చాయి. మీ తరం చూస్తున్న చెట్టు పచ్చగా ఉంది, అక్కడి ముసలాళ్లు తమ చిన్నప్పుడు చూసిన చెట్టు నల్లగా ఉండేది.

ఫిబ్రవరి దాటకముందే చూసెయ్యండి. మే నెలకి గడ్డి మోకాలి దాకా పెరిగి, గోడలు ఆరిపోయి, మాస్‌లన్నీ ముడుచుకుంటాయి.

ప్రశ్న: నేను మాంచెస్టర్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాను మేడమ్. మా ఇంటి దగ్గర చర్చిలో మాస్‌లు చూడటం అలవాటైంది. రెండు డౌట్లు. శాంపిల్స్ తెచ్చుకోవచ్చా, ఎవరైనా ఏమైనా అంటారా? రెండోది, మొన్న కొందరు వచ్చి సమాధుల్ని వైరు బ్రష్షుతో తోమి, బ్లీచ్ పోసి కడిగారు, చూస్తే గుండె తరుక్కుపోయింది. అది కరెక్టేనా?
– ఒక విద్యార్థి

జవాబు: ముందు అడగండి బాబూ. బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం స్థలం యజమాని అనుమతి లేకుండా ఏ అడవి మొక్కనీ ఉన్నచోటు నుంచి పెకలించకూడదు, ఆ లెక్కలో మాస్ కూడా వస్తుంది. చర్చి విషయంలో వికార్ గారినో (అంటే ఆ చర్చి పాదిరి), చర్చి వార్డెన్‌నో అడిగితే సరిపోతుంది, నోటీసు బోర్డు మీద ఎవరిని సంప్రదించాలో రాసి ఉంటుంది. నన్ను ఎవరూ ఎప్పుడూ కాదనలేదు. కాకపోతే అడగకుండా వెళ్లిన మొదటిరోజు సమాధి పక్కన బోర్లా పడుకుని లెన్స్‌లో చూస్తుంటే, ఒక పెద్దావిడ నేను స్పృహ తప్పానేమో అని టెన్షన్ పడి పరిగెత్తుకొచ్చింది! ఏడుస్తున్నాననుకుని వెనకే ఇంకొకాయన టిష్యూ పేపర్లు పట్టుకొచ్చాడు. అప్పటి నుంచి ముందే చెప్పి వెళ్లేదాన్ని.

తీసుకుంటే చిటికెడు, గోరంత, అది కూడా గోడ మీదా గడ్డిలోనూ. సమాధి రాయి మీద నుంచి గీకొద్దు, అక్కడే లెన్స్‌తో చూసి వచ్చెయ్. సంచి అక్కర్లేదు, ప్లాస్టిక్ అసలొద్దు, బూజు పడుతుంది. పాత కాగితాన్ని పొట్లంలా మడిచి, మన కిరాణా కొట్లో యాలకులు కట్టిచ్చినట్టు, అందులో వేసి పైన తేదీ, ఊరు, దేని మీద ఉంది, ఎటు వైపు ముఖం అని రాయి. ఫ్యాన్ గాలికి ఆరితే చాలు. ఏళ్ల తర్వాత ఒక నీటి చుక్క వేసినా ఆకులు విప్పుకుంటాయి, మైక్రోస్కోపు కింద అప్పుడు చూసుకోవచ్చు. పొట్లం మీద రాయడం బద్ధకించావా, ఇంటికొచ్చాక అది పనికిరాని పచ్చ పొడి, నా దగ్గర అలాంటివి ఒక బూట్ల డబ్బా నిండా ఉన్నాయి.

లెన్స్ పదిరెట్లు పెద్దగా చూపించేది కొను, ఇరవై వద్దు, చెయ్యి వణికితే ఏమీ కనపడదు. మొక్క మీద లెన్స్ పెట్టి దూరం నుంచి చూడటం కాదు, లెన్స్‌ని కంటికి ఆనించి, మొక్కనే కంటి దాకా తీసుకురా. అందరూ తిరగేసి చేస్తారు.

ఒక్కడివే తిరగాల్సిన పనిలేదు. 1896లో కొంతమంది ఔత్సాహికులు పొట్లాల్లో మాస్‌లు పోస్టులో ఇచ్చిపుచ్చుకోవడానికి మాస్ ఎక్స్చేంజ్ క్లబ్ అని పెట్టుకున్నారు, అదే తర్వాత బ్రిటిష్ బ్రయలాజికల్ సొసైటీ అయింది. వాళ్ల స్థానిక బృందాలు చలికాలంలో బయటికెళ్లి వెతుకుతుంటాయి, కొత్తవాళ్లని చులకన చెయ్యరు, థర్మోస్‌లో టీ కూడా పోస్తారు. సమాధుల తోటల్లో జీవాల కోసం పనిచేసే కేరింగ్ ఫర్ గాడ్స్ ఏకర్ అనే సంస్థ కూడా ఉంది, నీ రెండో ప్రశ్న ఎవరికైనా చెప్పాలనుకుంటే వాళ్ల సలహా కాగితాలు చర్చి వాళ్లకి చూపించు, నువ్వు గొడవ పెట్టుకోకు.

తోమడం గురించి నా మాట: వైరు బ్రష్షు రాయి పైపొరని తీసేస్తుంది, అక్షరాలు అందులోనే పోతాయి. బ్లీచ్ రాతి లోపలికి ఇంకి ఉండిపోతుంది. మాస్ మందుల్లో ఎక్కువగా వాడే ఐరన్ సల్ఫేటు మాస్‌ని నల్లగా మాడ్చి, రాయి మీద తుప్పు మరక మిగులుస్తుంది. పోనీ అంత చేస్తే పోతుందా, రెండు చలికాలాల్లో మళ్లీ వస్తుంది. ఎవరి సమాధో చదవాలంటే పక్కనుంచి టార్చి వేసి చూస్తే నీడల్లో అక్షరాలు తేలతాయి, తోమక్కర్లేదు. పాపం, కడిగినవాళ్లు కూడా చెడ్డవాళ్లు కారు, వాళ్లకి అది మురికి. మొన్నటిదాకా నీకూ అంతేగా.

అన్నట్టు, చర్చి గోపురం మీంచి పిడుగు తీగ దిగుతుంది చూడు, రాగిది. దాని కింద గోడ మీద ఒక చార మేర ఏమీ ఉండదు, కడిగినట్టు. ఎవరూ కడగలేదు, వాన నీటిలో రాగి కలిసి జారిన చోట మొక్కలు బతకలేవు.

ప్రశ్న: మాది మెదక్. మా చర్చి 1924లో ప్రతిష్ఠ చేసింది, చాలా పెద్దది. ఇంగ్లండు చర్చిలో ఉండేవి మా దగ్గర కూడా ఉంటాయా?
– ఒక పాఠకుడు, మెదక్

జవాబు: అవే అన్నీ ఉండవండీ. అక్కడ ఏడాదంతా తుంపర, మనకి నాలుగు నెలలు వాన, మిగతాదంతా ఎండ. హోమలోథీసియం కోసం మెదక్‌లో వెతికితే కాళ్లనొప్పులే మిగులుతాయి. కానీ జులై నుంచి అక్టోబరు మధ్యలో, నాలుగు రోజులు ముసురు పట్టాక వెళ్లి చూడండి. గోడ ఎండ ముఖం వదిలెయ్యండి. కుళాయి కింద తడి మూల, పాత గచ్చు మెట్టు, నీళ్లు దిగే గొట్టం వెనక, బావి ఒర లోపలి వైపు, అక్కడ.

పాత గోడల గచ్చు మీద మన దేశంలో బాగా కనిపించేది హయోఫిలా ఇన్వల్యూటా. ఆరితే ఆకు అంచులు లోపలికి చుట్టుకుని తమలపాకు చిలకల్లా అయిపోతాయి, నీళ్లు చల్లితే నిమిషంలో పరుచుకుంటాయి. కుండీల మట్టి మీద, తడి నేల మీద గుండ్రంగా, రూపాయి బిళ్లంత పచ్చటి రేకులు రెండుగా చీలుతూ వెళ్తుంటే అది రిక్సియా, అదీ లివర్‌వర్టే, వానలు తగ్గగానే మాయమవుతుంది.

రెండు దేశాల్లోనూ ఉండేది కావాలంటే ఒకటుంది, బ్రయం ఆర్జెన్టియం. వెండి మాస్. సిమెంటు పేవ్‌మెంటు సందుల్లో, డాబా మీద నీళ్లు నిలిచే అంచున, జనం తొక్కే చోట కూడా వెండి బూడిదరంగులో కాటుక డబ్బీ మూతంత గుబుర్లు కడుతుంది. ఆకుల చివర్లలో పచ్చదనం ఉండదు, అందుకే ఆ వెండి రంగు. లెస్టర్ పేవ్‌మెంటు మీదా ఉంటుంది, హైదరాబాద్ డాబా మీదా ఉంటుంది, అంటార్కిటికాలో కూడా చూశారు. మీ చర్చి మెట్ల సందుల్లో ఉందో లేదో వానలయ్యాక చూసి రాయండి, ఏ వైపు మెట్లో కూడా రాయండి.